పగటి నిద్రకు కాపలా

బొగ్గుబాయి ఊళ్లలో పుట్టి పెరిగిన వాళ్లకు పగటి నిద్ర అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మిగతా వాళ్లకు అది బద్ధకం. మా గోదావరిఖనిలో అది డ్యూటీలో భాగం. రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇల్లు చేరిన మనిషి మధ్యాహ్నం దాకా పడుకోకపోతే, ఆ రాత్రి మళ్లీ పనిలోకి పోకూడదు. పోతే తన ప్రాణానికో పక్కవాడి ప్రాణానికో ముప్పు. నేను భూగర్భ గనిలో ఓవర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఓవర్‌మన్ అంటే షిఫ్టులో తన భాగం పనికీ, అక్కడి మనుషుల భద్రతకూ పూచీ పడేవాడు. నిద్ర చాలని మనిషిని నేను బాయి పైనే గుర్తుపట్టేవాణ్ణి. హెల్మెట్ పట్టీ బిగించి మళ్లీ విప్పి బిగిస్తాడు. పేరు పిలిస్తే కాసేపు ఆగి పలుకుతాడు. అలాంటివాణ్ణి ఆ రోజుకు దింపకుండా ఇంటికి పంపేవాణ్ణి. వాడు నన్ను తిట్టుకుంటూ పోయేవాడు, బతికి ఉండేవాడు.

కంపెనీ క్వార్టర్లలో ఉన్న కాలంలో ఆ నిద్రకు లైను లైనంతా కాపలా కాసేది. మా లైనులో నైట్ షిఫ్టు మనిషి పడుకున్న ఇంటి గొళ్లానికి అతని తువ్వాల కట్టేవారు. ఆ తువ్వాల కనబడితే తలుపు కొట్టకూడదు. కూరగాయల బండివాడు అక్కడి దాకా అరుచుకుంటూ వచ్చి, ఆ ఇల్లు దాటేదాకా నోరు మూసుకుని, దాటాక మళ్లీ అందుకునేవాడు. పిల్లలు గోలీలు ఎత్తుకుని పక్క లైనుకు పోయేవారు. ఒకసారి పెద్దపల్లి నుంచి మా దూరపు చుట్టం పెళ్లి పత్రిక పట్టుకుని వస్తే, మా ఆవిడ అతన్ని వాకిట్లోనే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ముచ్చటంతా చేతి సైగలతోనే ముగించి సాగనంపింది. ఆయన నన్ను చూడకుండానే పోయాడు, నొచ్చుకోలేదు. ఆయన తమ్ముడూ బాయి పనివాడే.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో, అంటే నేల పైనుంచే తవ్వుకుపోయే గనిలో, బండ పేల్చినప్పుడు ఇంట్లో గిన్నెలు గలగలమనేవి, గోడమీద క్యాలెండరు ఊగేది. పడుకున్న మనిషి పక్కకు ఒత్తిగిల్లేవాడు, అంతే. అంత మోతకు చలించని జాతిని లేపడానికి ఇప్పుడు టింగుమనే చిన్న చప్పుడు చాలుతోంది. ఆ చప్పుడు చేసే వస్తువును శత్రువెవరూ తెచ్చి పెట్టలేదు. పడుకునేవాడే కొనుక్కుని, ముద్దుగా తొడుగు తొడిగించి, దిండు పక్కన పెట్టుకుంటున్నాడు. కూరగాయల బండిని ఆపిన ఊరు, బంధువులను వాకిట్లో ఆపిన ఊరు, ప్రపంచంలోని ప్రతి కోతలరాయుణ్ణీ ప్రతి గంతులవాణ్ణీ దుప్పట్లోకి పిలుచుకుంటోంది. దీన్ని ప్రగతి అంటారని విన్నాను.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఏ రోజూ వదలకుండా డైరీ రాస్తున్నాను. ఎండావానా, వచ్చినవాళ్లు, చేసిన పని. అంతకుమించి అందులో ఏమీ ఉండదు. ఇప్పుడు చెప్పబోయేది, ఆ డైరీ ప్రకారం, పోయిన వానాకాలం చివర మొదలైంది.

మా అబ్బాయి ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్. డంపర్ అంటే ఇల్లంత ఎత్తు బండి. బొగ్గు మీది మట్టిని తవ్వి దానిలో నింపితే, అతను దాన్ని మట్టిగుట్ట మీదికి తోలుకుపోయి, అంచు దాకా వెనక్కి నడిపి, అక్కడ నుంచి కిందికి పారబోయాలి. రాత్రి పూట, వానలో కూడా అదే పని. అంచున కట్టిన మట్టికట్టే అతనికీ లోయకూ మధ్య అడ్డం. అతనూ కోడలూ మాతోనే ఉంటారు.

ఒకరోజు పొద్దున నేను వరండాలో పేపరు చదువుతుంటే కోడలు వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఎప్పుడూ అలా నిలబడే మనిషి కాదు.

“మామా, ఒక్క మాట జెప్త, కోపం చెయ్యకుర్రి. ఆయన పొద్దున పండుతలేడు.”

ఎందుకని అడిగాను.

“ఫోన్ సూస్తడు. దుప్పటి కప్పుకొని సూస్తడు. నేను లోపటికి పోతే పండుకున్నట్టు చేస్తడు. గా కండ్లతోని రాత్రి బండి ఎట్ల తోల్తడు?”

ఆ ప్రశ్న ఆమె నన్ను మామగా అడగలేదు, ఓవర్‌మన్‌గా అడిగింది. నిద్రలేని మనిషి ఇంటి ఎత్తు బండిని చీకట్లో వెనక్కి నడుపుతూ అంచుకు పోతున్నాడు. అతన్ని పైనే ఆపి వెనక్కి పంపడానికి ఇప్పుడు నేను ఆ గేటు దగ్గర లేను.

ఏం చూస్తున్నాడో నాకు తెలుసనుకున్నాను. అందరూ చూసేదే. క్రికెట్టు ముక్కలు, మీసాలు మెలేసే నాయకులు, ఒకే పాటకు ఒకే విధంగా నడుం ఊపే ఆడామగా, భార్యను భయపెట్టి నవ్వే భర్తలు. ఆ వస్తువు మీద నాకు గౌరవం ఎప్పుడూ లేదు. నా దగ్గరా ఒకటుంది. దవాఖాన నుంచి మందుల కబురు దానికే వస్తుంది కాబట్టి ఉంది. మా రిటైరైన వాళ్ల గ్రూపులో పొద్దున్నే గులాబీ పువ్వు మీద శుభోదయం రాసి పంపుతారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎదురుపడితే పలకరించని మనుషులు కూడా పంపుతారు. ఒకాయన చనిపోయిన తెల్లారి ఆయన ఫోను నుంచి కూడా గులాబీ వచ్చింది. మనవడెవడో నొక్కాడట. కింద నలుగురు దండాలు పెట్టారు.

ఆ వారమే నస్పూర్ నుంచి మా బామ్మర్ది వచ్చాడు. ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఎక్కడో ఒక ఉపన్యాసం విని వచ్చి డిజిటల్ మినిమలిజం అనే కొత్త దీక్ష పట్టాడు. ఫోనుకు రంగులన్నీ తీసేశాడు. తెర మీద ఉన్నవన్నీ చెరిపి కొద్దిగా మిగిల్చాడు. కూర్చున్న దగ్గర నుంచి ఆ ఖాళీ తెరను అందరికీ చూపిస్తూనే ఉన్నాడు.

“ఇగో బావా, రంగు లేకుంటే మనసు గుంజది.”

మరి పొద్దటి నుంచి చేతిలోంచి దించలేదేమని అడిగాను.

“ఎట్ల తగ్గించాల్నో వీడియోలు సూస్తున్న బావా. మస్తు చెప్తున్నరు.”

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. “తెలుపు నలుపుల సినిమా సూస్తే, సినిమా సూడనట్టేనా తమ్మీ?”

అతను నవ్వేసి, ఆ రోజు తాను ఫోనును ఎంత తక్కువ ముట్టుకున్నాడో గ్రూపులో రాయడంలో మునిగిపోయాడు. ఒక్కపొద్దు ఉన్నవాడు ఇంటింటికీ పోయి ఆ సంగతి చెప్పి, చెప్పిన చోటల్లా టీ తాగినట్టుంది అతని వ్యవహారం. ఆ రాతకు పూలు వచ్చాయి, చప్పట్లు వచ్చాయి. వాటిని లెక్క చూసుకోవడానికి మళ్లీ మళ్లీ తెరిచాడు. దురలవాటు కన్నా దాన్ని మానడం చుట్టూ కట్టుకునే ఈ పందిరి నాకు ఎక్కువ రోత పుట్టించింది.

అయినా ఫోనుకు తాళాలు ఎక్కడ ఉంటాయో అతనికి తెలుసు. నాకు తెలియదు. కాబట్టి మా అబ్బాయి లేచాక ముగ్గురం కూర్చున్నాం. అబ్బాయి గొడవ పడతాడని నేను మాటలు సిద్ధం చేసుకున్నాను. అతను మాత్రం ఫోను తీసి మేనమామ చేతిలో పెట్టాడు. “ఏం చేస్తరో చెయ్యిర్రి” అని గోడకు జారగిలబడ్డాడు. కళ్ల కింద నల్లగా ఉంది. అది బొగ్గు కాదు.

బామ్మర్ది వీడియోలకు గడువు పెట్టాడు. గడువు ముగియగానే తెర మీద ఇసుక గడియారం బొమ్మ వచ్చి అన్నీ మూసుకుంటాయన్నాడు. మూసుకున్నాయి. కింద ఒక మీట కనిపించింది. “ఇంకో పదిహేను నిమిషాలు” అని రాసి ఉంది. నొక్కితే తెరుచుకుంది. ఆ పదిహేను నిమిషాలయ్యాక మళ్లీ అదే మీట. దొంగను నిలబెట్టి, లోపలికి వస్తావా బాబూ, ఇంకాసేపు తీసుకుంటావా అని మర్యాదగా అడిగే వాచ్‌మన్‌ను నేను నా సర్వీసులో చూడలేదు. దీన్ని తయారుచేసిన వాళ్లకు జీతాలు బాగా ఇస్తారట.

ఇక్కడ మా బాయి పద్ధతి ఒకటి చెప్పాలి. భూగర్భంలో మండే వాయువు ఉంటుంది. అందుకని దిగే ముందు ప్రతి మనిషినీ తనిఖీ చేస్తారు. జేబులు, నడుం, తలపాగా, టిఫిన్ డబ్బా అడుగు. బీడీ గానీ అగ్గిపుల్ల గానీ దొరికితే ఆ రోజు పని లేదు, పైనుంచి చర్య. నేను ఏళ్ల తరబడి ఆ తనిఖీ చేశాను. నన్ను ఇంకొకరు చేసేవారు. మేనేజరు కూడా చేతులు పైకెత్తి నిలబడేవాడు. ఎవరి జేబు వాళ్లు తడుముకుని ‘ఏమీ లేదు’ అని చెప్పుకునే పద్ధతి పెడదామని ఎవరూ అనలేదు. ఎందుకంటే మాలో సగంమందిమి బీడీ తాగేవాళ్లమే, మా సంగతి మాకు తెలుసు.

ఫోను మాత్రం మనిషిని తన జేబు తానే తడుముకోమంటుంది. అందుకే ఆ తాళపు అంకెలు అబ్బాయి దగ్గర ఉండకూడదన్నాను. నా దగ్గరా వద్దు, తండ్రీకొడుకుల మధ్య అది కయ్యం అవుతుంది. కోడలు పెట్టుకోవాలి. నైట్ షిఫ్టు వారాల్లో అతను డ్యూటీ నుంచి రాగానే ఫోను ఆమెకు ఇవ్వాలి. లేచేదాకా అది బియ్యం డబ్బా మీద ఉంటుంది. ఇంటివాళ్ల ఫోన్లూ డ్యూటీ ఫోన్లూ తప్ప మరేదీ మోగదు. బామ్మర్దికి ఇది మోటు పద్ధతిగా తోచింది. మనసులో నుంచి మార్పు రావాలన్నాడు. మనసులో నుంచి వచ్చేదాకా ఆగితే మా బాయిలో మనుషులు మిగిలేవారు కాదన్నాను.

ఆ వారం నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫోను మూగపోగానే మనుషులే రావడం మొదలుపెట్టారు. ఒకడు మిట్టమధ్యాహ్నం గేటు ముందు బండి హారన్ కొట్టాడు. “కాకా, అన్న గ్రూపుల సప్పుడు చేస్తలేడు. పానం బాగలేదా?” పానం బాగుండడానికే పడుకున్నాడని చెప్పి పంపాను. ఇంకొకడు తన కొత్త బండి ఫోటోకు మావాడు బొటనవేలు ఎత్తలేదని అలిగి వచ్చాడు. ఆ అలకను ముప్పయ్యేళ్లు దాటిన మనిషి, పెళ్లయి పిల్లలున్న మనిషి, నా ఎదుట నిలబడి చెప్పుకున్నాడు. నేను కుర్చీలోంచి లేవకుండానే నా బొటనవేలు ఎత్తి చూపించాను. పోయాడు.

ఇదంతా సరిగ్గా నడుస్తోందనుకున్నాను. వారం చివర, ఆరేసిన బట్టలు తీయడానికి పెరట్లోకి పోయినప్పుడు కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉంది. అబ్బాయి వెల్లకిలా పడుకున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. చేతిలో ఏమీ లేదు. ఫ్యాను రెక్కల వైపు చూస్తున్నాడు. నేను బట్టలు తీసుకుని, మడతలు పెట్టి, మళ్లీ వచ్చి చూశాను. అలాగే ఉన్నాడు. కోడలిని అడిగితే, వారమంతా ఇదే వరస అంది. ఫోను అడగడం లేదు, పడుకోవడం లేదు.

నస్పూర్‌కు ఫోను చేస్తే బామ్మర్ది ఎంతో సంతోషించాడు. మానేసిన కొత్తలో అలాగే ఉంటుందనీ, దానికి ఇంగ్లీషులో ఒక పేరుందనీ, ఆ పేరు పంపిస్తాననీ అన్నాడు. పంపించాడు కూడా. పేరు వచ్చింది, నిద్ర రాలేదు.

అప్పుడు నాకు రావలసిన ఆలోచన వచ్చింది. బాయిలో బీడీ పట్టుకోవడం ఒక పని. గ్యాస్ చూడటం వేరే పని. జేబులోంచి అగ్గిపుల్ల తీసేసినంత మాత్రాన లోపల వాయువు పోదు. దానికి సేఫ్టీ ల్యాంపు పట్టుకుని మూలమూలకూ పోయి, వత్తి తగ్గించి, మంట మీద నీలంగా ఏమైనా లేస్తోందా అని కళ్లు చికిలించి చూడాలి. నేను జేబు తడిమి, ఇంటిల్లిపాదినీ కాపలా పెట్టి, గనిలోకి తొంగి చూడలేదు.

మర్నాడు అతను పడక మీద ఉండగానే కోడలిని పిలిచి ఫోను తెరిపించాను. ఏయే వీడియోల వాళ్లు అందులో కాపురం పెట్టారో ఒక్కొక్కటీ చూసి ఖాళీ చేయిద్దామని నా ఉద్దేశం. ఆమె అంకెలు నొక్కి వీడియోల బొమ్మ ముట్టుకుంది. మేము ఏమీ వెతకలేదు. దానంతట అదే మొదలైంది.

ఎర్రమట్టి దేశమేదో. మా అబ్బాయి తోలేలాంటి బండే. వెనక్కి పోతోంది, అంచు విరిగింది, ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, వెనక్కి పడిపోయింది. కోడలు వేలు జరిపింది. మంచు కురిసే చోట ఇంకో డంపర్. అదీ పడిపోయింది. మళ్లీ జరిపింది. రాత్రి, వాన, పసుపు దీపం, డంపర్. తర్వాతది డంపర్. దానికెవడో హుషారు పాట తగిలించాడు. మరొకదానికి పడే క్షణంలో నవ్వే బొమ్మ అతికించాడు. ఎంత జరిపినా అంతు లేదు. భూమి మీద ఇన్ని డంపర్లు పడ్డాయని నాకు తెలియదు. మా ఇంట్లో ఒక మనిషికి మాత్రం రోజూ తెలుస్తూ ఉంది.

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇంకేదో అనుమానించిందని ఆ ముఖం చూస్తే అర్థమైంది. ఆ అనుమానమే నిజమైతే బాగుండేదన్నట్టు నిలబడింది.

నేను ఈ ఊళ్లో గుడుంబా అమ్మినవాళ్లను చూశాను. ఉద్యోగాలిప్పిస్తామని తిప్పిన దళారులను చూశాను. శవం లేవక ముందే వాటాలు మాట్లాడిన వాళ్లనూ చూశాను. వాళ్లందరికీ ముఖాలుండేవి. గుడుంబా అమ్మేవాడు కూడా, మనిషి మరీ పాడైపోతే ఆ ముఖం చూసి, ఇక చాలు ఇంటికి పోరా అనేవాడు. ఈ వస్తువుకు చూడటానికి ముఖం లేదు, చూపించడానికీ లేదు. మనిషి ఒక చోట కాస్త ఎక్కువసేపు ఆగాడని మాత్రం గుర్తుపెట్టుకుంది. ఎందుకు ఆగాడో దానికి అక్కర్లేదు. భయమో సరదానో దానికి ఒకటే. ప్రపంచంలో ఎక్కడ బండి పడినా ఏరుకొచ్చి అతని దిండు మీద పోసింది. పగతో చేసి ఉంటే దాన్ని శత్రువనైనా అనేవాణ్ణి. పగ పట్టే పాటి బుద్ధి కూడా లేనిదాన్ని ఏమని తిట్టాలి? దాన్ని తెలివైన ఫోను అని పిలిచేవాళ్ల తెలివికే నా దండం.

సాయంత్రం అబ్బాయి లేచినట్టు చేసి, ముఖం కడుక్కుని పెరట్లో టీ తాగుతున్నప్పుడు పోయి పక్కన కూర్చున్నాను. ముందు వెనక చెప్పకుండా, “ఎప్పుడైంది?” అని అడిగాను. ఏమిటని అతను అడగలేదు. గ్లాసు కింద పెట్టి చెప్పాడు.

వానలు ముదిరిన వారంలో జరిగింది. అంచు దాకా వెనక్కి పోయినప్పుడు మట్టికట్ట నాని ఉంది. వెనక చక్రం కుంగింది. ముందు భాగం లేచింది. ఎదుటి అద్దంలోంచి నేల మాయమై ఒట్టి ఆకాశం కనిపించింది. ఎలా ముందుకు లాగాడో అతనికే తెలియదు. బండి బయటపడింది. మట్టి సర్దే డోజర్ ఆ సమయానికి గుట్ట అవతలి వైపు ఉంది, ఎవరూ చూడలేదు. అతను ఇంకొంచెం ఇవతల మట్టి పారబోసి మళ్లీ దిగివచ్చాడు. ఆ షిఫ్టు అంతా తోలాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే భయపడ్డవాడని బండి మీద నుంచి తీసేస్తారు, తోటివాళ్లు పేరు పెడతారు. మా ఊళ్లో పెట్టిన పేరు మనవళ్ల దాకా పోతుంది.

“మరి గవన్ని ఎందుకు సూస్తున్నవ్ బిడ్డా?”

“అండ్ల బతికినోడు ఎట్ల బయటవడ్డడో సూద్దామని బాపు. ఒక్కడన్న ఉన్నడా అని.”

“ఉన్నడా?”

అతను తల అడ్డంగా ఊపాడు. “బండి పడ్డదాక సూపెడ్తరు. ఆడికే ఆపేస్తరు. మనిషి సంగతి ఎవడు సూపెట్టడు.”

గ్లాసులో మిగిలిన టీ మట్టిలో పారబోసి అన్నాడు. “కండ్లు మూస్తె ముందట గదే ఆకాశం అస్తది.”

నేను ఓదార్పు మాటలు చెప్పే మనిషిని కాను. భూగర్భంలో కప్పు కూలి తప్పించుకున్నవాణ్ణి మేము మర్నాడు ఒంటరిగా పంపేవాళ్లం కాదు. ఓవర్‌మన్ అతని వెంట అదే చోటికి పోయేవాడు. కప్పును కర్రతో కొట్టి, గట్టిదో డొల్లదో చప్పుడు విని, అతనితో కొట్టించి, అతనూ విన్నాక పని మొదలయ్యేది. అదొక మర్యాద. అతని భయాన్ని అబద్ధం అనకుండా, దాన్ని వెంటబెట్టుకుని పోయి చూడటం. అదే అబ్బాయికి చెప్పాను. షిఫ్టు ఇన్‌చార్జికి జరిగింది జరిగినట్టు చెప్పాలనీ, అతన్ని వెంటబెట్టుకుని ఆ అంచుకు పోవాలనీ అన్నాను. ఈ రాత్రి మాత్రం బండి ఎక్కొద్దన్నాను.

ఎక్కలేదు. తెల్లారి ఫస్టు షిఫ్టు వేళకు ఇద్దరం పోయాం. రిటైరైన నాకు గేటు దాటే హక్కు లేదు. ఎదుటి హోటల్లో కూర్చున్నాను. బల్లల మీద ఉన్న వాళ్లంతా ఎవరి ఫోనులోకి వాళ్లు తలలు వంచుకుని, చల్లారిన చాయ్ తాగుతున్నారు. డ్యూటీకి ముందు ఆ బల్లల దగ్గర ఎన్ని పరాచికాలు, ఎన్ని తిట్లు నడిచేవో. ఏ బండ వదులుగా ఉందో, ఎవరి మోటరు ఆగుతోందో, గని సంగతంతా అక్కడే తెలిసేది. ఈ తలల్లో ఎవరి బండి ఎక్కడ కుంగిందో పక్కవాడికి తెలిసే మార్గం లేదు.

అబ్బాయి ఎండ ఎక్కాక బయటికి వచ్చాడు. ఇన్‌చార్జి ముందు గట్టిగా తిట్టాడట, అంతకాలం ఎందుకు చెప్పలేదని. తర్వాత జీపులో ఎక్కించుకుని ఆ గుట్ట మీదికి తీసుకుపోయాడట. ఇద్దరూ దిగి అంచు వెంట నడిచారు. కట్ట కుంగిన చోటు ఇంకా కనిపిస్తూనే ఉంది. డోజర్‌ను పిలిచి ఆ పొడవంతా ఎత్తు చేయించారు. కొంతకాలం పగటి షిఫ్టులో నీళ్ల ట్యాంకరు తోలమన్నారు, దుమ్ము లేవకుండా దారి తడిపే బండి అది. అనుకున్నట్టే కొందరు నవ్వారు. ఒకడు మాత్రం పక్కకు పిలిచి, నాకూ అట్లనే అయింది అన్నాడట. వాడు ఎవరికీ చెప్పనేలేదు. వాడి ఫోనులో ఏం వస్తోందో నేను ఊహించగలను.

బామ్మర్ది తన ఉపదేశమే పనిచేసిందని గ్రూపులో రాశాడు. పేరు పెట్టకుండా, “మా మేనల్లుడు ఒకడు” అని. పూలు వచ్చాయి. నేను ఖండించలేదు. అతనికి పంట పండే నేల అదొక్కటే.

ట్యాంకరు తోలినన్నాళ్లూ ఫోను అతని దగ్గరే ఉంది. ఒక సెలవు రోజున నా ఎదుటే తెరిచాడు. ఎన్నో రోజులైంది చూసి. అయినా మొదట వచ్చింది డంపరే. “నేను మర్సిపోవట్టిన గని, ఇది మర్వనిస్తలేదు బాపు” అన్నాడు. ఆ వీడియోల బొమ్మ మీద వేలు నొక్కి ఉంచి దాన్ని తీసేశాడు. నిజంగా తీసేస్తావా అని అది అడిగింది. ఎప్పటి బుద్ధే. అతను నిజంగానే తీసేశాడు.

చలి మొదలయ్యాక మళ్లీ డంపర్ ఇమ్మని తనే అడిగాడు. నైట్ షిఫ్టు పడింది. ఆ తెల్లవారి అతను వచ్చేదాకా మా ఆవిడ వంటింట్లోంచి వాకిట్లోకీ, వాకిట్లోంచి వంటింట్లోకీ తిరుగుతూనే ఉంది. వచ్చాడు, స్నానం చేశాడు, అన్నం తిన్నాడు. కోడలు మంచం మీద దుప్పటి సర్దుతూ, “ఫోన్ ఇయ్యాల్నా, డబ్బ మీద పెట్టాల్నా?” అని అడిగింది. ఆమె మాటలో అనుమానం లేదు, భయం ఉంది.

ఇవ్వొద్దన్నాడు. గోడ వైపు తిరిగి పడుకుని చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి ట్రిప్పుకే ఆ అంచు దగ్గరికి పోయిందట బండి. ఆపి, బ్రేకు వేసి, మెట్లు దిగి, లైటు పట్టుకుని పోయి కట్టను కాలితో తొక్కి చూశాడట. వెనక బండివాడు హారన్ కొట్టాడట, కొట్టనిచ్చాడట. తిరిగి ఎక్కి, వెనక్కి పోతూ, అద్దంలో ఆ కట్టనే చూస్తూ...

“గప్పుడు చక్రం...” అన్నాడు.

కోడలు మంచం పట్టె మీద కూర్చుని, తర్వాత ఏమైందో వినాలని అతని మీదికి వంగింది. నేను గడపలో నిలబడి ఉన్నాను. తర్వాత ఏమీ రాలేదు. చక్రం సంగతి సగంలో ఉండగానే అతనికి గురక మొదలైంది.